అద్దాలు కడిగే పనికి నీటి మీటరు అవసరమా?

మహబూబ్‌నగర్‌లో షోరూములు, ఆసుపత్రుల అద్దాలు కడిగే పని మొదలుపెడుతున్నానని రాశారు. ఇంగ్లండ్‌లో ఈ పని చేసేవాళ్లు మీటరు లాభమా, నష్టమా అని వాదించుకోవడం చూసి మీకూ అదే సందేహం వచ్చిందన్నారు. నేను నల్లగొండలో ఏడేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. శుద్ధి చేసిన నీటితో కడిగేటట్లయితే మీటరు తప్పకుండా పెట్టుకోండి. అయితే బిల్లు తగ్గుతుందని మాత్రం పెట్టుకోకండి.

వాళ్ల వాదన బిల్లు గురించే. ఇంగ్లండ్‌లో మీటరు లేని ఇంటికి ఆ ఇంటి పాత పన్ను విలువను బట్టి నీటి ఛార్జీ వేస్తారు. ఎంత వాడినా అదే మొత్తం. మీటరు పెట్టించుకుంటే వాడినంతకు కట్టాలి. మా వీధిలో నల్లాకు నెలకు ఇంత అని కట్టడమే, మీటరు ఊసే లేదు. పైగా ఇంటి నల్లాను వ్యాపారానికి వాడకూడదు. కావాలంటే మున్సిపల్ కార్యాలయంలో వాణిజ్య కనెక్షన్ గురించి అడగండి. మీ ఊరికి రామన్‌పాడు జలాశయం నుంచి కృష్ణా నీళ్లు ఎంత దూరం వస్తాయో మీకు తెలుసు. అలా వచ్చిన తాగునీటితో అద్దాలు కడగడానికి నాకైతే మనసొప్పదు. నేను బోరు నీళ్లే వాడతాను, ఎండాకాలంలో బోరు తగ్గితే ట్యాంకరు తెప్పిస్తాను.

బకెట్, వైపర్‌తో కింది అంతస్తు అద్దాలు మాత్రమే తుడిచేటట్లయితే మీటరుతో మీకు పని లేదు. పొడవాటి పోల్ చివర బ్రష్ పెట్టి, దాని గుండా శుద్ధి చేసిన నీరు పంపి, తుడవకుండా ఆరనిచ్చే పద్ధతిలో అయితేనే లెక్క అవసరమవుతుంది. ఆ పద్ధతిలో నీటిలో ఏ లవణం ఉన్నా అద్దం మీద మిగిలిపోతుంది. మాది గ్రానైటు నేల. మా బోరు నీటి టీడీఎస్, అంటే లీటరు నీటిలో కరిగి ఉన్న లవణాలు, 1200 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ఆ నీటితో కడిగి వదిలేస్తే ఎండకు ఆరేసరికి అద్దమంతా తెల్లటి చుక్కలే. చివరి నీటి టీడీఎస్ సున్నా ఉండాలి, పది దాటితే నేను పని ఆపేస్తాను.

మొదట్లో నేను నీటిలోని లవణాలను వడకట్టే ఆర్‌ఓ యంత్రం ఖర్చు ఎందుకని, మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు, అంటే రెసిన్, నింపిన 25 లీటర్ల సిలిండరు ఒక్కటే పెట్టుకున్నాను. ఒక బట్టల షోరూము మూడు అంతస్తులూ కడిగి వచ్చాను. మర్నాడు ఉదయం యజమాని ఫోను చేశారు. వెళ్లి చూస్తే పై రెండు అంతస్తులు తెల్లగా మచ్చలు పడి ఉన్నాయి. పని మధ్యలోనే రెసిన్ అయిపోయింది, నేను గమనించలేదు. మళ్లీ డబ్బు తీసుకోకుండా అంతా కడిగి ఇచ్చాను. ఆ వారమే నీటి మీటరు కొన్నాను. కొత్త రెసిన్ నింపి కొలిస్తే 500 లీటర్లకే టీడీఎస్ పైకి లేవడం మొదలైంది. అన్నాళ్లూ నేను ఎంత నష్టానికి పని చేశానో అప్పుడు అర్థమైంది.

తర్వాత రెసిన్‌కు ముందు ఆర్‌ఓ పెట్టాను. 1200 ఉన్న నీరు 60కి దిగింది. రెసిన్ మీద పడే లవణం ఇరవయ్యో వంతుకు తగ్గింది కాబట్టి అదే రెసిన్ లెక్క ప్రకారం ఇరవై రెట్లు రావాలి, దాదాపు అలాగే వస్తోంది. రెసిన్ మార్చిన రోజు మీటరు అంకె పుస్తకంలో రాసుకుంటాను. 8000 లీటర్లు దాటాక ప్రతి పనికీ ముందు, మధ్యలో టీడీఎస్ చూస్తాను. ఒకసారి 5000కే రెసిన్ అయిపోయింది. ఆర్‌ఓ నీరు చూస్తే 120కి చేరింది. ఆర్‌ఓలో నీటిని వడకట్టే పొరకు, అంటే మెంబ్రేన్‌కు, సున్నం పట్టిందని అలా తెలిసింది.

అందుకే నా దగ్గర రెండు మీటర్లు ఉన్నాయి. ఒకటి ఆర్‌ఓకు వచ్చే నీటికి, ఇంకొకటి పోల్‌కు వెళ్లే పైపుకు. ఆర్‌ఓ నుంచి సన్నగా వచ్చే ధార దగ్గర మామూలు అర అంగుళం మీటరు పెట్టకండి. అంత తక్కువ ప్రవాహాన్ని అది సరిగా పట్టుకోదు. బోరు పైపుకు నేరుగా కూడా పెట్టకండి. బోరు ఆగి ఆగి పోసేటప్పుడు గాలికి కూడా మీటరు తిరుగుతుంది, ఇసుక వచ్చి ఇరుక్కుంటుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి దిగే పైపుకు జాలీ ఫిల్టరు, దాని తర్వాత మీటరు. బిగించాక 20 లీటర్ల బకెట్ ఐదుసార్లు నింపి అంకె సరిచూసుకోండి.

ధర చెప్పడానికి కూడా ఇదే ఆధారం. నా పోల్ నిమిషానికి లీటరున్నర తీసుకుంటుంది. మధ్యస్థ షోరూముకు 200 లీటర్ల శుద్ధ నీరు పోతుంది. నా ఆర్‌ఓ మూడు లీటర్లు తీసుకుని ఒక లీటరే ఇస్తుంది, అంటే 600 లీటర్లు తోడాలి. నిరుడు ఏప్రిల్‌లో 5000 లీటర్ల ట్యాంకరుకు 800 రూపాయలు ఇచ్చాను. ఆ లెక్కన నీటికి 96 రూపాయలే. కూలీ, రెసిన్, మెంబ్రేన్ ముందు అది చిన్న మొత్తం. నీటి ఖర్చుకు భయపడి పని వదులుకోకండి.

మిగిలిన 400 లీటర్ల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. ఆ నీటిలో లవణాలు, ఫ్లోరైడ్ బోరు నీటికంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. మా జిల్లాలో అంతకు మించిన బోర్లు ఎన్నో. ఆ ఫ్లోరైడ్ వల్ల నడుము వంగిపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగినవాణ్ణి నేను. ఆ నీటిని వేరే డ్రమ్ములో పట్టి మెట్లు, పార్కింగ్ నేల కడగడానికి, పోల్ పెట్టే ముందు అద్దాల మీది దుమ్ము వదలగొట్టడానికి వాడుతున్నాను. డ్రమ్ము మీద పెద్ద అక్షరాలతో 'తాగరాదు' అని రాయించాను. మా పక్కింటివాళ్లు గేదెల తొట్టిలోకి అడిగితే ఇవ్వలేదు, కూరగాయల మడికీ పోయనివ్వను. మీరు కూడా మీ బోరు నీటిని ముందు పరీక్ష చేయించి, ఆ కాగితం చూశాకే ఆర్‌ఓ ఎంత పెద్దది కావాలో తేల్చుకోండి.