చిన్న ప్రెస్‌ల బ్రిటిష్ కవిత్వం ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు పాపకి కొనండి, అదే మీరూ చదవండి

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఇక్కడ బ్రిటన్‌లో ఇయర్ ఫోర్ (ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లల తరగతి) చదువుతున్న మీ పాపకి, షాపుల్లో ఎప్పుడూ కనిపించే ఆ నాలుగు పేర్లు కాకుండా, చిన్న ప్రెస్‌లు, అంటే చిన్న స్వతంత్ర ప్రచురణ సంస్థలు, వేసే పిల్లల కవిత్వంలో ఏది కొనాలి అని ఒకటి. మీకు కూడా ఇప్పటి బ్రిటిష్ కవిత్వం చదవాలని ఉంది, ఏ సంపుటితో మొదలుపెట్టాలి అని రెండోది. రెండింటికీ నా జవాబు ఒకటే: పాప పుస్తకం కొనండి, అదే మీరూ చదవండి, సంపుటి సంగతి తర్వాత చూద్దాం.

ప్రైజ్ వచ్చింది కదా అని ఏదో ఒక సంపుటి తెచ్చుకుని మొదటి పేజీ నుంచి వరసగా చదువుకుంటూ పోతే ఎవరికైనా కాసేపటికి ఆవలింతలు వస్తాయి. అందులో మీ ఇంగ్లిష్ లోపమేమీ లేదు. ఇక్కడి కవులు రాసే ఊళ్లు, వానలు, స్కూలు రోజులు, టీవీ ప్రోగ్రాములు మనం పెరిగినవి కావు, పైగా చాలా కవితలకి ప్రాస ఉండదు, పాదాలు ఎక్కడ విరిగాయో ఎందుకు విరిగాయో పైకి చదివితే తప్ప తెలియదు. మనం పెద్దయ్యాక పైకి చదవడం మానేస్తాం. పిల్లల పుస్తకమైతే పైకి చదవక తప్పదు, పక్కన ఒకరు వింటూ కూర్చుంటారు కాబట్టి.

నాకు బాగా తెలిసిన ప్రెస్ ఎమ్మా ప్రెస్, బర్మింగ్‌హామ్ జ్యువెలరీ క్వార్టర్‌లో ఉంటుంది. ఒక పెద్ద పబ్లిషింగ్ కంపెనీలో ఈ-బుక్స్ పని చేసే ఎమ్మా రైట్ ఆ ఉద్యోగం వదిలేసి 2012లో మొదలుపెట్టారు. వేసిన మొదటి పుస్తకం రేచల్ పియర్సీ అనే కవయిత్రి రాసిన ప్రేమ కవితలు. అదే రేచల్ తర్వాత ఎమ్మాతో కలిసి పిల్లల కోసం పురాణాలు, రాక్షసుల మీద ఒక సంకలనానికి ఎడిటర్‌గా పనిచేశారు, అది పిల్లల కవిత్వానికి ఇచ్చే క్లిప్పా అవార్డు షార్ట్‌లిస్ట్ దాకా వెళ్లింది. నేను చెప్పాలనుకుంటున్నది ఇదే. చిన్న ప్రెస్‌లో పిల్లల విభాగం వేరు, పెద్దల విభాగం వేరు అని గోడలుండవు. పెద్దలకి రాసేవాళ్లనే పట్టుకుని పిల్లలకి కూడా రాయమంటారు, కాబట్టి పిల్లల పుస్తకం చదివితే మీకు ఒక కవి పరిచయమైపోతారు. అన్నట్టు ఇదే ప్రెస్ శృంగార కవితల సంకలనం కూడా వేసింది, వెబ్‌సైట్ పాప చేతికిచ్చి ఏరుకోమనకండి.

కొనాల్సింది ఏదంటే కేట్ వేక్‌లింగ్ రాసిన 'మూన్ జ్యూస్'. 2017లో క్లిప్పా గెలిచింది. ఆ అవార్డుని సీఎల్‌పీఈ అనే సంస్థ 2003 నుంచి ఇస్తోంది, ప్రైమరీ స్కూళ్లలో చదవడం, రాయడం నేర్పడం మీద పనిచేసే సంస్థ అది, మీ పాప టీచర్‌కి తెలిసి ఉండొచ్చు. కేట్ ఇండోనేషియాలోని బాలీ ద్వీపపు గామెలాన్ (ఎక్కువగా కంచు వాయిద్యాలతో బృందంగా వాయించే) సంగీతం మీద పరిశోధన చేసిన మనిషి, ఆ తాళజ్ఞానం కవితల్లో వినిపిస్తుంది. ఇందులో తోకచుక్క తన గురించి తాను చెప్పుకునే కవిత ఒకటుంది, ఒకే రకం శబ్దాలున్న మాటలు వెంటవెంటనే దొర్లుకుంటూ వస్తాయి, ఎక్కడా ఆగి ఊపిరి తీసుకోనివ్వదు. మా చిన్నోడు దాన్ని మంచం మీద నిలబడి చదువుతాడు, మధ్యలో ఊపిరి అందక ముఖం ఎర్రబడితే నేను అందుకోవాలి, నేను తడబడితే మళ్లీ మొదటికి. అలా చదువుతుంటే వేగం ఎక్కడ పెరుగుతోందో, పాదం చివర ఎందుకు ఆపారో నోటికే తెలిసిపోతుంది. ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. బొమ్మలు వేసింది లాట్వియా చిత్రకారిణి ఎలీనా బ్రాస్లిన్యా.

ఒక మాట ముందే చెప్తాను, చిన్న ప్రెస్‌ల పిల్లల కవిత్వంలో లోపలి బొమ్మలు చాలావరకు నలుపు తెలుపే. రంగుల్లో అచ్చు వేస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. రంగురంగుల పిక్చర్ బుక్స్‌కి అలవాటుపడ్డ పిల్లలు మొదట పెదవి విరుస్తారు. మావాడు పెన్సిళ్లు తెచ్చి రంగులు వేసేశాడు, నేనేమీ అనలేదు.

లాట్వియా అన్నాను కదా, ఈ ప్రెస్ లాట్వియన్, ఎస్టోనియన్, డచ్, స్పానిష్ నుంచి పిల్లల కవితలు ఇంగ్లిష్‌లోకి తెప్పించి వేస్తుంది. ఇంట్లో ఒక భాష, స్కూల్లో ఒక భాషగా పెరిగే మన పిల్లలకి ఇవి బాగా నచ్చుతాయని నా అనుభవం. లాట్వియా పిల్లల క్లాసురూమ్ గోల అంతా ఉన్న పుస్తకం ఒకటుంది, ఇయేవా ఫ్లమింగో రాసింది, మీ పాప వయసుకి సరిగ్గా సరిపోతుంది.

ఇక మీ సంగతి. మూన్ జ్యూస్ నచ్చితే కేట్ వేక్‌లింగ్ పెద్దల కోసం రాసిన 'ది రెయిన్‌బో ఫాల్ట్స్' దొరుకుతుందేమో చూడండి, 2016లో రియాల్టో అనే మరో చిన్న ప్రెస్ వేసింది. అది సంపుటి కాదు, పాంఫ్లెట్. ఇక్కడ పాంఫ్లెట్ అంటే కరపత్రం అనుకోకండి, ముప్ఫై పేజీల అటూ ఇటూ ఉండే చిన్న కవితల పుస్తకం. దాని కోసమే మైకేల్ మార్క్స్ అవార్డులున్నాయి, 36 పేజీలు దాటకూడదని నియమం. కవులకే కాదు, వేసే ప్రెస్‌కి కూడా ఇస్తారు, 2016లో ఎమ్మా ప్రెస్‌కి వచ్చింది. పాంఫ్లెట్ రెండు కాఫీల ధరకి వస్తుంది, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది, నచ్చకపోతే పెద్దగా పోయిందేమీ లేదు. కొత్తగా చదివేవాళ్లకి పూర్తి సంపుటి కంటే ఇదే మేలని గట్టిగా నమ్ముతాను.

షాపుల్లో ఇవి ఎందుకు కనిపించవు అంటే, చాలా పాంఫ్లెట్లు మధ్యలో పిన్ను కొట్టినవే, వెన్ను ఉండదు, షెల్ఫులో నిలబెడితే పేరు కనిపించదు. పైగా షాపుకి, మధ్యలో హోల్‌సేలర్‌కి పోగా ప్రెస్‌కి మిగిలేది ధరలో సగం, ఒక్కోసారి ఇంకా తక్కువ. అచ్చు వేసేదే కొన్ని వందల కాపీలు. మా ఊళ్లో ఒక చెయిన్ షాపులో ఆర్డర్ పెడితే వారాలు తిప్పి చివరికి స్టాక్ లేదన్నారు, అదే పుస్తకం ప్రెస్ వెబ్‌సైట్‌లో ఉంది. కాబట్టి నేరుగా ప్రెస్ దగ్గరే కొనండి. సన్నటి పుస్తకాలు కాబట్టి రాయల్ మెయిల్ లార్జ్ లెటర్‌లో (పెద్ద కవరు పోస్టులో) వచ్చేస్తాయి, తలుపు సందులోంచి లోపల పడతాయి, ఇంట్లో ఎవరూ లేరనే గొడవ లేదు. పుస్తకాల మీద ఇక్కడ వ్యాట్ సున్నా, ఈ-బుక్స్ మీద కూడా 2020 మే నుంచి అంతే. ఇండియాలో చుట్టాలకి పంపాలంటే మాత్రం పోస్టేజీ పుస్తకం ధరని దాటిపోవచ్చు, ఈ-బుక్ ఉంటే అది చూడండి.

కొనకుండా చదవాలంటే కౌన్సిల్ లైబ్రరీలో రిజర్వ్ చేయండి, వాళ్ల దగ్గర లేకపోయినా అడిగితే తెప్పించే అవకాశం ఉంది, ప్రతి అరువుకీ రచయితకి పబ్లిక్ లెండింగ్ రైట్ కింద కొన్ని పెన్నీలు వెళ్తాయి కూడా. లండన్ వెళ్తే సౌత్‌బ్యాంక్ సెంటర్, రాయల్ ఫెస్టివల్ హాల్ ఐదో అంతస్తులో నేషనల్ పొయెట్రీ లైబ్రరీ ఉంది, 1953 నుంచి నడుస్తోంది, సభ్యత్వం ఉచితం. పిల్లల పుస్తకాలకి వేరే మూల ఉంది, పాపని అక్కడ కూర్చోబెట్టి మీరు పాంఫ్లెట్ల అరలు తిరగేయొచ్చు. కొనే ముందు రుచి చూడ్డానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలీదు.

ఇవన్నీ అయ్యాక సంపుటాలే కావాలనిపిస్తే, మాంచెస్టర్ కార్కనెట్, నార్తంబర్లాండ్ బ్లడ్‌యాక్స్ లాంటి కాస్త పెద్ద స్వతంత్ర ప్రెస్‌ల వైపు వెళ్లండి. బ్లడ్‌యాక్స్ వాళ్లు 2002లో వేసిన 'స్టేయింగ్ అలైవ్' సంకలనం ప్రేమ, చావు లాంటి విషయాల వారీగా ఉంటుంది, ఎక్కడ తెరిచినా ఏదో ఒకటి తగులుతుంది. ప్రపంచ కవులంతా ఉంటారు, బ్రిటిష్ వాళ్లే కాదు, అది గుర్తుపెట్టుకోండి.

పాప స్కూలు గురించి చివరగా ఒకటి: క్లిప్పాకి షాడోయింగ్ స్కీమ్ అని ఉంది, షార్ట్‌లిస్ట్‌లోని కవితలు పిల్లలు క్లాసులో చదివి, ప్రదర్శిస్తారు. సీఎల్‌పీఈ వెబ్‌సైట్‌లో కవులే తమ కవితలు చదివే వీడియోలు ఉచితంగా ఉన్నాయి, పుస్తకం ఆర్డర్ చేసే ముందు ఇవాళ రాత్రే రెండు మూడు పాపతో కలిసి చూడండి, ఏది మళ్లీ పెట్టమంటే ఆ కవి పుస్తకం కొనండి.