వేగు, వేగుచుక్క, ప్రతిగూఢచర్యం

సందేహం: శత్రు గూఢచారుల్ని కనిపెట్టి ఆట కట్టించే పనిని పత్రికలు ఒకరోజు 'కౌంటర్ ఇంటెలిజెన్స్' అంటాయి, ఇంకోరోజు 'ప్రతి గూఢచర్యం' అంటాయి. ఏది సరి? గూఢచారిని వేగు అంటారు కదా, వేగుచుక్కకూ దానికీ చుట్టరికముందా?
– ఒక పాఠకుడు, అమలాపురం

సమాధానం: వేగుచుక్కలోని వేగు తెల్లవారడం. అది వేరే మాట. గూఢచారి వేగును సంస్కృత 'వేగం'తో ముడిపెట్టడమూ సరికాదు. కన్నడంలో బేహు, బేహుగార, తమిళంలో వేవు. ఇవి చూస్తే మన ఇంటి మాటేనని తెలుస్తుంది. వేగులవాడు, వేగరి దీని నుంచి వచ్చినవే.

ఇక ఆ పని సంగతి. మీరు గోదావరి ఒడ్డువారు, రాజమహేంద్రవరంలో నన్నయ తెలిగించిన ఆదిపర్వం మళ్లీ తీయండి. అందులో లక్క ఇంటి కథను మించిన పాఠం లేదు. అతిథి మర్యాదల ముసుగులో కాపలా కాస్తున్న పురోచనుడు దుర్యోధనుడి మనిషి. పాండవులు అక్కడికి బయల్దేరేటప్పుడే విదురుడు గుట్టుగా హెచ్చరించాడు. ఇంట్లో అడుగుపెట్టగానే నెయ్యి, లక్క కలిసిన వాసనను ధర్మరాజు పసిగట్టాడు. భీముడు వెంటనే వెళ్లిపోదామంటే ఆయన వద్దన్నాడు. మనకు తెలిసిపోయిందని పురోచనుడికి తెలిస్తే ఇప్పుడే నిప్పు పెడతాడు; పారిపోతే దుర్యోధనుడు వేగులతో చంపిస్తాడు. అందుకే పైకి నమ్మినట్టే ఉన్నారు. పగలు వేట పేరుతో దారులు చూసుకున్నారు. విదురుడు పంపిన ఖనకుడు లోపల సొరంగం తవ్వి, దాని నోరు నేలకు సమంగా మూసేశాడు. చివరికి ఆ మంటల్లో పురోచనుడే పోయాడు. కనిపెట్టడం, కనిపెట్టినట్టు పొక్కనివ్వకపోవడం, ఎదురు ఏర్పాటు చేసుకోవడం – మీరడిగిన పనికి ఇంతకంటే ఏం కావాలి?

కౌటిల్యుడు దీనికి పద్ధతులే రాశాడు: శత్రువు పంపిన వేగుల్ని అదే రకం వాళ్లతో కనిపెట్టాలన్నాడు. రెండుచోట్లా జీతం పుచ్చుకునేవాడు ఆయన భాషలో ఉభయవేతనుడు. మనవాళ్లు 'డబుల్ ఏజెంట్' అని ఊరుకుంటున్నారు. ఇంత చక్కటి మాట ఉండగా ఎందుకండీ?

పత్రికలవారు 'ప్రతి', 'గూఢచర్యం' విడదీసి రాయడం మరీ బాధ. అలా రాస్తే 'ఒక్కొక్క గూఢచర్యం' అని అర్థం! కలిపి రాస్తే తప్పు పట్టను. అయితే 'వాడు వేగు పంపితే మనమూ పంపడం' అనే అర్థమూ దానికి అంటుకుని ఉంది. పట్టి ఆపడమే ఉద్దేశమైతే 'గూఢచర్య నిరోధం' మేలేమో. వాడి చూడండి.