తలల లెక్క

చిరంజీవికి,

నీ వ్యాసం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. "ప్రపంచంలో 43.5 కోట్లమంది గిగ్ కార్మికులు రోడ్లమీదే బతుకుతున్నారు" అట! (గిగ్ అంటే నెలజీతం లేకుండా, పనికి ఇంత అని చేసే పని.) 2023లో ప్రపంచ బ్యాంకు చెప్పింది 15.4 కోట్ల నుంచి 43.5 కోట్ల దాకా అని. కింది కొసను నువ్వు మింగేశావు. పైగా అది కంప్యూటర్ ముందు కూర్చుని ఆన్‌లైన్‌లో పని చేసిపెట్టేవాళ్ళ లెక్క. నీ వ్యాసమేమో బండిమీద పార్సిళ్ళు మోసేవాళ్ళ గురించి.

ఏ అంకె నమ్మాలని అడిగావు. ఏ ప్రశ్న అడిగి ఆ అంకె రాబట్టారో ముందు అది చూడు. 2017లో అమెరికా కార్మిక గణాంకాల సంస్థ యాప్ ద్వారా దొరికే పనులమీద కొత్తగా నాలుగు ప్రశ్నలు పెట్టింది. ఉద్యోగంలో ఊరికే కంప్యూటరో యాపో వాడేవాళ్ళు కూడా "అవును" అనేశారు. జవాబులన్నీ మళ్ళీ తిరగేసి ఏరితే, పనిచేసేవాళ్ళలో 3.3 శాతం కాస్తా 1 శాతానికి దిగింది. జనం అబద్ధమాడలేదు, ప్రశ్న వాళ్ళకలా వినబడింది. ఇక "పోయిన వారం మీ ప్రధానమైన పని ఏమిటి" అని మాత్రమే అడిగితే, ఉద్యోగం అయ్యాక రాత్రి రెండు గంటలు బండి తోలేవాడు లెక్కలోకే రాడు.

నేనూ కుర్రతనంలో పూట గడవక సర్వేలకు తిరిగాను, ఫారానికి ఇంత అని కూలి. (ఆ ఫారంలో నాలాంటివాడికే గడి లేదు!) ఒకింట్లో ఆవిడ కుట్టుమిషన్ తొక్కుతూనే "నాకు పనేముందండీ, ఖాళీయే" అంది. పక్కన కుట్టిన బట్టల గుట్ట, ఒక్కోదానికి పేరు రాసిన చీటీ. నేను బుద్ధిగా "పని లేదు" గడిలో టిక్కు పెట్టి వచ్చేశాను.

చాలా ఏళ్ళకు ఆ సంగతి వ్యాసంగా రాస్తే ఒక సంపాదకుడు "సుమారు"లూ "నుంచి–దాకా"లూ అన్నీ కొట్టేసి, పెద్ద అంకెను శీర్షికకెక్కించాడు. తిట్లు మాత్రం నాకొచ్చాయి. ఇప్పుడు మరీను, పైన లావుపాటి అంకె లేకపోతే అది వ్యాసమే కాదంటున్నారు.

2018లో కార్మిక గణాంక నిపుణుల అంతర్జాతీయ సదస్సు "ఆధారిత కాంట్రాక్టర్లు" అని ఒక వర్గం పెట్టింది. పేరుకు సొంత పని, రేటూ గిరాకీ ఇంకొకరి చేతిలో. నీ వ్యాసానికి కావలసిన మాట అది. వెతికి చదువు.

నీ వ్యాసం నాలుగో పేజీలో ఒక కుర్రాడున్నాడు. సిగ్నల్ దగ్గర ఆగి, ఒక యాప్ ఆపి ఇంకోటి తెరుస్తాడు. ఆ నాలుగు వాక్యాలు నేను రెండుసార్లు చదివాను. అతను రెండు కంపెనీల జాబితాల్లోనూ ఉన్నాడు కదా, రెండూ కలిపితే ఇద్దరవుతాడు. ఆ సంగతి నీకు తట్టలేదా, తట్టీ వదిలేశావా?