పశువుల డాక్టరు సంతకం

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా దర్శి దగ్గర పల్లెటూరు. ఆరు గేదెలు, కొద్దిగా పొలం ఉన్నాయి. మా అమ్మాయికి నీట్‌లో ఎంబీబీఎస్‌కి సరిపోయే ర్యాంకు రాలేదు కానీ పశువుల డాక్టరు చదువు బీవీఎస్సీలో సీటు వచ్చేలా ఉంది. బంధువులేమో "ఆడపిల్లని గేదెల వెనకాల తిప్పుతావా, లాంగ్ టర్మ్ కోచింగ్‌లో వెయ్యి" అంటున్నారు. అమ్మాయి మాత్రం పశువైద్యంలో అంతర్జాతీయ స్థాయి ఉద్యోగాలు ఉంటాయంటోంది. నిజమేనా? ఏం చెయ్యమంటారు?

జవాబు:

మీ అమ్మాయి చెప్పింది నిజమే. కాకపోతే ఆ అంతర్జాతీయ స్థాయి పని మొదలయ్యేది ఢిల్లీలోనో పారిస్‌లోనో కాదు, మీ ఊరి గేదెల కొట్టం దగ్గరే.

మీ వైపే ఒక ఊళ్లో పశువులకి గాలికుంటు జబ్బు టీకాలు వేస్తుంటే ఒక పూటంతా దగ్గరుండి చూశాను. పశువులు మేతకి వెళ్లకముందే పని కావాలని తెల్లవారుజామున ఐదున్నరకే ఒక లేడీ డాక్టరు, ఆవిడ సహాయకుడు వచ్చేశారు. వెంట మంచు ప్యాకులు పెట్టిన డబ్బా ఉంది. ఆ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, వేడెక్కినా గడ్డకట్టినా పనికిరాదు. అందుకే ఆవిడ సీసా తీసిన ప్రతిసారీ వెంటనే మూత పెట్టేస్తున్నారు. ఒక పెద్దావిడ తన గేదెని కట్టుకొయ్య దగ్గరికి తేనే లేదు. "పోయినసారి సూదేస్తే రెండు పూటలు పాలు తగ్గినయ్, వద్దులేమ్మా" అంది. డాక్టరు గారు వాదన పెట్టుకోలేదు. కొట్టంలో కూర్చుని, గాలికుంటు వస్తే నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడి ఎన్ని వారాలు పాలు పోతాయో ఆ పెద్దావిడ చేతే లెక్క కట్టించారు. పది నిమిషాల తర్వాత గేదె బయటికొచ్చింది. టీకా వేశాక చెవికున్న పసుపు ట్యాగు మీది పన్నెండంకెల నంబరు ఫోన్‌లో ఎక్కించారు.

ఆ నంబరు అక్కడితో ఆగదు. జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద ఇలా దేశమంతా లెక్క చేరుతుంది. 2019లో మొదలైన ఈ కార్యక్రమానికి ఐదేళ్లకి 13,343 కోట్ల రూపాయలు కేటాయించారు. టీకా నిజంగా పనిచేసిందా లేదా అని పశువుల రక్తనమూనాలు తీసి ల్యాబుల్లో పరీక్షిస్తారు. గాలికుంటు లేని ప్రాంతాలుగా తీర్చిదిద్దాలని కేంద్రం ఎంచుకున్న రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. అయితే "మా దగ్గర ఈ వ్యాధి లేదు" అని మనకి మనం చెప్పుకుంటే ప్రపంచం నమ్మదు. పారిస్‌లో ఉన్న ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ, పాత పేరు ఓఐఈ, గుర్తించాలి. ప్రపంచ వాణిజ్య సంస్థ కూడా 1995 నుంచి జంతువుల ఆరోగ్యం విషయంలో దాని ప్రమాణాలనే ఆధారంగా తీసుకుంటోంది.

ఆ జంతు ఆరోగ్య సంస్థ పుట్టుకలో మన దేశం పాత్ర కూడా ఉంది. 1920లో మన దేశం నుంచి బ్రెజిల్‌కి ఓడలో బయల్దేరిన పశువులు దారిలో బెల్జియం రేవు ఆంట్‌వెర్ప్‌లో ఆగాయి. వాటి ద్వారా రిండర్‌పెస్ట్ అనే పశువుల ప్లేగు ఆ దేశంలో అంటుకుంది. ఒక దేశంలో పశువుల డాక్టరు లేకపోతే ఇంకో దేశంలో మందలు పోతాయని అప్పుడు అందరికీ అర్థమైంది. 1924లో ఈ సంస్థ ఏర్పడింది. మీ ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో కోట్లుగా పెరిగాయి కదా, అలాంటి ప్రయాణాల వెనకే ఈ భయమూ నడిచింది. అదే రిండర్‌పెస్ట్ మన దేశంలో లేదని 2006లో, ప్రపంచంలోనే లేదని 2011లో ప్రకటించారు. మనుషుల్లో మశూచి తర్వాత ప్రపంచం నుంచి పూర్తిగా తుడిచిపెట్టిన వ్యాధి ఇదొక్కటే. ఊరూరా తిరిగి టీకాలేసి, ఆ తర్వాత ఏళ్ల తరబడి "ఇంకెక్కడైనా మిగిలిందా" అని వెతికిన పశువుల డాక్టర్లు చేసిన పని అది. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు, నాకు అదే బాధ.

ఒక దేశపు పశువైద్య సేవ ఎంత గట్టిదో కొలవడానికి ఆ సంస్థ దగ్గర ఒక పద్ధతి ఉంది. పీవీఎస్ అంటారు. ఏ దేశమైనా అడిగితే నిపుణులు వచ్చి నాలుగు విభాగాల్లో 45 అంశాలు చూసి, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా స్థాయి ఇస్తారు. డాక్టర్ల చదువు ఎలా ఉంది, ల్యాబులు పనిచేస్తున్నాయా, జబ్బు బయటపడితే ఖర్చుకి డబ్బు సిద్ధంగా ఉందా, రైతులతో మాట్లాడుతున్నారా అన్నీ చూస్తారు. ఆ ఊళ్లో డాక్టరు గారు పెద్దావిడ పక్కన కూర్చున్న పది నిమిషాలు కూడా ఈ కొలతలోకి వస్తాయి. వాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఇంకొకటి ఉంది. డబ్బుకో, ఒత్తిడికో లొంగకుండా శాస్త్రం ఏం చెబితే అదే రాసే స్వేచ్ఛ డాక్టరుకి ఉందా అన్నది.

ఎందుకంటే ఈ వృత్తి అంతా చివరికి ఒక సంతకం మీద నిలబడుతుంది. గేదె మాంసం ఎగుమతే తీసుకోండి. గాలికుంటు పూర్తిగా పోని దేశం నుంచి మాంసం వెళ్లాలంటే, కోసిన తర్వాత కనీసం 24 గంటలు 2 డిగ్రీలకి పైన ఉంచాలి. ఎముకలు తీసేముందు కండలో పులుపుని కొలిచే పీహెచ్ అంకె 6 కన్నా తక్కువకి దిగాలి. ఆ పులుపుకి వైరస్ బతకదు. మీటరు గుచ్చి ఆ అంకె చూసి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేది పశువుల డాక్టరే. అంకె 6.2 వచ్చినప్పుడు, బయట లారీ ఆగి ఉన్నప్పుడు, "ఈ ఒక్కసారికి కానివ్వండి మేడమ్" అన్నప్పుడు, పెట్టను అనగలగాలి. ఆ ఒక్క సంతకం తప్పయితే ఏదో ఒక దేశం సరుకు ఆపేస్తుంది, దెబ్బ ఊళ్లో గేదెని అమ్ముకునే రైతు మీద పడుతుంది.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది గుర్తుందా? నమూనాలు భోపాల్‌లోని హై సెక్యూరిటీ ల్యాబుకి వెళ్లాయి, అక్కడ నిర్ధారణ అయ్యాక ఫారం చుట్టూ కిలోమీటరు మేర ఇన్‌ఫెక్టెడ్ జోన్, పది కిలోమీటర్ల మేర నిఘా జోన్ పెట్టారు. అలాంటప్పుడు పీపీఈ కిట్ వేసుకుని షెడ్డులోకి ముందు వెళ్లేది ఎంబీబీఎస్ డాక్టరు కాదు, వెటర్నరీ డాక్టరు. కోళ్ల నుంచి జబ్బు మనుషులకి రాకుండా అడ్డుగా నిలబడేది వాళ్లే. అందుకే "ఎంబీబీఎస్ రాలేదు కాబట్టి ఇది" అనే మాట ఇంట్లో అనొద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను. ఆ మాటతో కాలేజీలో చేరిన పిల్లలు మూడో ఏడాదికి కూడా తలెత్తుకోలేకపోవడం చూశాను.

ఇక చదువు సంగతి. బీవీఎస్సీ అండ్ ఏహెచ్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. మన రాష్ట్రంలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలో కాలేజీలున్నాయి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి చెబుతాను. నీట్ ర్యాంకు ఉంది కదా, ఎంబీబీఎస్ కౌన్సెలింగ్‌లోనే ఇదీ వస్తుందని ఊరుకుంటారు. రాదు. విశ్వవిద్యాలయం నోటిఫికేషన్‌కి విడిగా దరఖాస్తు పెట్టాలి. అఖిల భారత కోటా 15 శాతం సీట్లకి వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కౌన్సెలింగ్ మళ్లీ వేరు. చేరే ముందు ఆ కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో మీరే స్వయంగా చూసుకోండి, ఎవరి మాటా నమ్మొద్దు.

డిగ్రీ అయ్యాక వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ పోస్టు అందరికీ తెలిసిన దారి. కానీ మీ అమ్మాయి అంటున్న దారి కావాలంటే పీజీలో సర్జరీ కన్నా జబ్బులు ఎలా వ్యాపిస్తాయో చదివే ఎపిడెమియాలజీ, మైక్రోబయాలజీ, వెటర్నరీ పబ్లిక్ హెల్త్ వైపు చూడమనండి. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లో పశువైద్య పరిశోధన సంస్థ ఐవీఆర్‌ఐ ఉంది. బెంగళూరులో నివేది అనే సంస్థ పశువ్యాధులు ఎప్పుడు ఎక్కడ వస్తాయో ముందే అంచనా కట్టే పని చేస్తుంది. హైదరాబాద్‌లోనే టీకాలు తయారుచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్, మాంసం పరిశోధన సంస్థ, జంతు బయోటెక్నాలజీ సంస్థ, విదేశాల నుంచి వచ్చే జంతువులను తనిఖీ చేసే క్వారంటైన్ కేంద్రం ఉన్నాయి. 2024 అక్టోబరులో మన దేశపు పశు ఆరోగ్య వ్యవస్థని బలపరచడానికి, మహమ్మారుల్ని ఎదుర్కోవడానికి పెట్టిన అంతర్జాతీయ నిధి ప్యాండెమిక్ ఫండ్ నుంచి రెండున్నర కోట్ల డాలర్ల ప్రాజెక్టు కూడా మొదలైంది. ల్యాబులు, నిఘా, శిక్షణ పెరిగేకొద్దీ ఈ చదువున్నవాళ్లే కావాలి. అమెరికా ఆలోచన ఉంటే మాత్రం మన డిగ్రీ నేరుగా చెల్లదు, అక్కడి అర్హత పరీక్షలు, ఎన్‌ఏవీఎల్‌ఈ అనే లైసెన్సు పరీక్ష రాయాలి. ఖర్చుతో కూడిన వ్యవహారం.

కష్టాలు కూడా చెప్పాలి. సర్కారు పోస్టుల నోటిఫికేషన్లు ఏటా వస్తాయని గ్యారంటీ లేదు, ఈలోపు కాంట్రాక్టు ఉద్యోగమో ప్రైవేటు ప్రాక్టీసో చెయ్యాల్సి రావచ్చు. అర్ధరాత్రి ఈత కష్టమైన గేదె దగ్గరికి వెళ్లాలి. ఈసుడు రోగం, అదే బ్రూసెల్లోసిస్, ఉన్న పశువు మాయ తీసేటప్పుడు గ్లౌజులు లేకపోతే డాక్టరుకే అంటుకుంటుంది. నెలల తరబడి జ్వరం, కీళ్ల నొప్పులు. ఆడపిల్లకి బలం సరిపోదన్నది మాత్రం పాత మాట. ఆ ఊరి డాక్టరు గారు నాకన్నా సన్నగా ఉన్నారు, మొండి గేదెని ఎలా నిలబెట్టాలో ఆవిడకి తెలుసు.

లాంగ్ టర్మ్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మనుషులకే వైద్యం చెయ్యాలని అమ్మాయి గట్టిగా కోరుకుంటే ఇంకో ఏడాది చదవనివ్వండి. బంధువుల ముందు మాట పడకూడదనే టెన్షన్‌తో అయితే ఆ ఏడాది దండగ. ఏదో ఒకటి తేల్చుకునే ముందు వారం రోజులు పొద్దున్నే అమ్మాయిని మీ మండలం పశువుల ఆస్పత్రికి పంపండి. అక్కడి డాక్టరు గారిని అడిగితే కాదనరు. పొదుగువాపు గేదె పాలు పరీక్షించడం, చూడి కట్టిందో లేదో చూడటం, కోడి చనిపోతే కోసి లోపల ఏమైందో వెతకడం దగ్గరుండి చూడనివ్వండి. సాయంత్రం ఇంటికొచ్చాక మీరేమీ అడక్కండి. ఆ కోడి లోపల ఏం కనిపించిందో తనంతట తనే మీకు చెబుతుందా లేదా అన్నది గమనించి, అప్పుడు నాకు మళ్లీ రాయండి.