గాలోవే ఆడపిల్ల

ప్రశ్న: ఎడింబరో కోట చూడటానికి వెళ్తే అక్కడ 'బ్లాక్ డిన్నర్' కథ చెప్పారు. స్కాట్లాండ్ రాజు డగ్లస్ వంశం అన్నదమ్ముల్ని భోజనానికి పిలిచి, నల్ల ఎద్దు తల ముందుపెట్టి చంపించాడట. నిజమేనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: చంపిన మాట నిజమేనమ్మా. 1440 నవంబరులో డగ్లస్ వంశపు ఆరో ఎర్ల్ (పెద్ద ప్రభువుల బిరుదు) విలియంకు, తమ్ముడు డేవిడ్‌కు తలలు తీశారు. ఎద్దు తల తర్వాతివాళ్లు చేర్చిన ముచ్చట. నేరం మాత్రం రాజు మీద వేయకండి, రెండో జేమ్స్‌కు అప్పటికి పదేళ్లు. పెత్తనమంతా ఛాన్సలర్ (రాజ్యంలో పెద్ద మంత్రి) క్రైటన్, లివింగ్‌స్టన్‌లది. ఆ పిల్లలు పోతే ఎర్ల్ పదవి ఎవరికి వచ్చిందో చూడండి: వాళ్ల చిన్నతాత జేమ్స్‌కి! కుర్రాళ్ల పక్షాన ఆయన కత్తి దూయలేదు.

పదవి వచ్చింది గానీ స్కాట్లాండ్ నైరుతి మూలనున్న గాలోవే భూములు రాలేదు. అవి చనిపోయినవాళ్ల చెల్లెలు మార్గరెట్‌కు వెళ్లాయి. అందుకని చిన్నతాత కొడుకు, ఎనిమిదో ఎర్ల్ విలియం, ఆమెను పెళ్లాడాడు. మన లెక్కలో అతను ఆమెకు చిన్నాన్న వరస! అక్కడా దగ్గర చుట్టరికమే, పోప్ అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. అన్నల్ని చంపితే ఎవరు బాగుపడ్డారో ఆ ఇంటికే కోడలిగా వెళ్లింది ఆ పిల్ల. ఈ సంగతి తలుచుకుంటే నాకు కడుపులో దేవినట్టుంటుంది.

భూములన్నీ మళ్లీ ఒక్కటయ్యేసరికి రాజుకు టెన్షన్ మొదలైంది. పైగా ఈ విలియం, క్రాఫర్డ్ ఎర్ల్‌తోనూ, పడమటి దీవుల్ని ఏలే 'ద్వీపాల ప్రభువు'తోనూ ఒప్పందం కట్టాడు. 1452 ఫిబ్రవరిలో రాజు అభయపత్రం ఇచ్చి స్టర్లింగ్ కోటకు పిలిపించాడు. రాత్రి భోజనాలయ్యాక ఆ ఒప్పందం తెంచుకొమ్మన్నాడు. విలియం కుదరదన్నాడు. రాజు తన చేత్తోనే కత్తి దించాడు, పక్కనున్నవాళ్లూ తలో దెబ్బ వేశారు. ఒంటి మీద 26 గాయాలని ఆ కాలపు చరిత్ర రాసింది. నెల తిరిగేసరికి విలియం తమ్ముళ్లు వచ్చి, ఆ అభయపత్రాన్ని గుర్రం తోకకు కట్టి ఈడ్చి, ఊరు తగలబెట్టారు.

మార్గరెట్‌కు మరిదితో, అంటే తొమ్మిదో ఎర్ల్‌తో, మళ్లీ పెళ్లి. 1455లో అతను ఓడి ఇంగ్లండ్ పారిపోయాడు. అదే వంశంలో ఇంకో శాఖ, 'ఎర్ర డగ్లస్'లనే ఆంగస్ ఎర్ల్‌లు, రాజు పక్షాన నిలిచి డగ్లస్ భూములు దక్కించుకున్నారు. రాజు మార్గరెట్‌ను తన తల్లి రెండో పెళ్లిలో పుట్టిన తమ్ముడు అథోల్ ఎర్ల్‌కు ఇచ్చి చేశాడు. గాలోవే అప్పటికే రాజు ఖాతాలో పడిపోయింది.