కరెంటు పోతే మీ అక్వేరియం నీళ్లు ఎక్కడికి వెళ్తాయి?

ప్రశ్న: మా అక్వేరియం 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. ఆరు గోల్డ్‌ఫిష్‌లున్నాయి. ఉన్న చిన్న ఫిల్టరు చాలక నీళ్లు మసకబారుతున్నాయి. ఒక దుకాణదారు సంప్ పెట్టించమంటున్నారు, ఇంకొకరు క్యానిస్టర్ కొనమంటున్నారు. వేసవిలో మాకు గంటల తరబడి కరెంటు ఉండదు. ఏది మేలు?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: కరెంటు సంగతి చెప్పి మంచి పని చేశారండీ. నిర్ణయమంతా దాని మీదే ఉంది.

నీళ్లను నిజంగా శుభ్రం చేసేది పంపు కాదు, ఫిల్టరు స్పాంజీల్లో, సిరామిక్ ముక్కల్లో పెరిగే బాక్టీరియా. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను అవి నైట్రైటుగా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. అందుకు వాటికి ఆక్సిజన్ కావాలి. క్యానిస్టర్ అంటే స్పాంజీలు నింపిన, గాలి చొరబడని డబ్బా, పంపు నీళ్లను దాని గుండా తోస్తుంది. పంపు ఆగితే లోపలి ఆక్సిజన్ కొన్ని గంటల్లో హరించుకుపోతుంది. ఒకసారి మా ఇంట్లో రాత్రంతా కరెంటు లేదు. తెల్లవారి కరెంటు రాగానే క్యానిస్టర్ దానంతటదే మొదలైంది. కాసేపటికి చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి కోసం తపించాయి. మూత తీస్తే కుళ్లు వాసన. అప్పటి నుంచి ఎక్కువసేపు ఆగిన క్యానిస్టర్‌లోని నీళ్లు పారబోయకుండా స్విచ్ వేయను.

సంప్ అంటే ఇంటి ముందు నేలలో ఉండేది కాదు. అక్వేరియం కింది స్టాండులో అమర్చే మరో గాజు తొట్టి. పైనుంచి పొర్లిన నీళ్లు అందులోకి దిగుతాయి, పంపు వాటిని తిరుగు గొట్టం గుండా మళ్లీ పైకి తోస్తుంది. తెరిచి ఉంటుంది కాబట్టి బ్యాటరీతో నడిచే గాలి పంపు గొట్టం అందులో వేస్తే బాక్టీరియా నిలబడుతుంది. మీకు నా సలహా సంపే.

అయితే లెక్క తప్పకూడదు. పంపు ఆగగానే పై నీళ్లు తిరుగు గొట్టం గుండా కిందికి వస్తాయి. దాని మూతి 5 సెంటీమీటర్ల లోతున ఉందనుకోండి: 120 × 45 × 5, అంటే 27 లీటర్లు. సంప్‌లో అంత ఖాళీ ఎప్పుడూ ఉండాలి, లేదంటే హాలంతా నీళ్లే. గొట్టానికి నీటిమట్టం కిందే చిన్న రంధ్రం పెట్టిస్తే గాలి దూరి ప్రవాహం తెగుతుంది. అందులో పాచి పడుతుంది, వారానికోసారి పుల్లతో తీయండి. చేపలను వేయకముందే ప్లగ్ పీకి, నీళ్లు ఎంతవరకు వచ్చి ఆగుతాయో కళ్లారా చూడండి.

సంప్‌లోకి నీళ్లు దిగడానికి సాధారణంగా అక్వేరియం గాజులో రంధ్రం చేయాలి. టెంపర్డ్ గాజైతే, అంటే వేడిచేసి గట్టిపరిచినదైతే, డ్రిల్ తగలగానే ముక్కలవుతుంది. తొట్టి చేసినవారిని అడగనిదే ముట్టుకోనివ్వకండి. రంధ్రం కుదరకపోతే క్యానిస్టరే తీసుకుని చిన్న ఇన్వర్టరుకు కలపండి. మొక్కలు పెంచి కార్బన్ డయాక్సైడ్ ఇచ్చేవారికీ క్యానిస్టరే నయం, ఎందుకంటే సంప్‌లోకి నీళ్లు పొర్లేటప్పుడు ఆ వాయువు ఎగిరిపోతుంది.

ఏది పెట్టినా నైట్రేటును ఫిల్టరు పోగొట్టదు. ఆరు గోల్డ్‌ఫిష్‌లకు వారానికి పావు వంతు నీళ్లు మార్చాల్సిందే. పాత ఫిల్టరును వెంటనే తీసేయకండి, ఆరు వారాలు కొత్తదానితో పాటే నడపండి. దాని స్పాంజీని క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్లతో కాదు, అక్వేరియం నుంచి తీసిన నీళ్లలోనే పిండండి.