పేర్లు నలభై, మనుషులు పద్దెనిమిది
(గ్రంథాలయ కార్యక్రమాలపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

ప్రశ్న: మా గ్రంథాలయంలో ఉచిత ప్రసంగాలు పెడుతున్నాం. 40 మంది పేర్లు ఇస్తారు, సగం మంది కూడా రారు. తర్వాత తిరిగి ఇచ్చేలా కొంత డిపాజిట్ కట్టించుకోవచ్చా?

జవాబు: డిపాజిట్ పెడితే ముందుగా ఆగిపోయేది మతిమరుపువాళ్లు కాదు, చేతిలో డబ్బు ఆడనివాళ్లు. పౌర గ్రంథాలయ సేవలు సూత్రప్రాయంగా ఉచితంగానే ఉండాలని యునెస్కో, గ్రంథాలయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్లా కలిసి 1994లో ఇచ్చిన ప్రకటన చెబుతోంది. 2022లో సవరించినప్పుడూ ఆ మాట తీసేయలేదు.

నెల ముందే పేర్లు రాసుకుంటే ఆ రోజుకి వాళ్ల పనులు మారిపోతాయి. నమోదు పది రోజుల ముందు మొదలుపెట్టండి. రెండు రోజుల ముందు ఒకటి, ఆ రోజు ఉదయం ఒకటి సందేశం పంపండి. "తప్పక రండి" అంటే ఎవరూ బదులివ్వరు. "రాలేకపోతే 'లేదు' అని పంపండి, మీ చోటు ఇంకొకరికి ఇస్తాం" అని రాయండి. మొదలయ్యాక ఐదు నిమిషాల వరకే కుర్చీ ఉంచుతామనీ చెప్పండి. ఆ తర్వాత గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లని మొహమాటం లేకుండా కూర్చోబెట్టేయండి.

ఇక లెక్క. గత మూడుసార్లూ 40 పేర్లకి 15, 18, 21 మంది వచ్చారనుకుందాం. సగటు 18, అంటే నూటికి 45. హాల్లో 30 కుర్చీలుంటే కాగితం మీద 66 పేర్లు తీసుకోవచ్చు. కానీ 50 దగ్గర ఆపండి. సందేశాలు మొదలుపెట్టాక హాజరు పెరుగుతుంది, పాత సగటు నమ్మడానికి లేదు. మనిషికో కంప్యూటర్ కావలసిన శిక్షణకి మాత్రం ఎన్ని కంప్యూటర్లుంటే అన్ని పేర్లే రాసుకుని, వేచి ఉండేవాళ్ల జాబితా విడిగా పెట్టండి.

ప్రశ్న: పుస్తక చర్చలో ఇద్దరే మాట్లాడతారు. మూడో సమావేశానికి నలుగురం మిగిలాం.

జవాబు: మొదటి ప్రశ్న మార్చి చూడండి. "పుస్తకం ఎలా ఉంది?" అనగానే మాటకారి తీర్పు చెప్పేస్తారు. మిగతావాళ్లకి దాన్ని ఒప్పుకోవడమో కాదనడమో తప్ప పని ఉండదు. దానికి బదులు "ఏ పేజీలో ఆగారు?" అని అడగండి. పేజీ సంఖ్య చెప్పి, ఆ వాక్యం చదివి, ఎందుకు ఆగారో ఒక్క నిమిషంలో చెప్పాలి. వరసగా అందరూ. పుస్తకం పూర్తిచెయ్యనివాళ్లకీ ఒక పేజీ ఉంటుంది. విసుగొచ్చి మూసేసిన పేజీ అయితే మరీ మంచిది, చర్చ అక్కడే రాజుకుంటుంది.

నిర్వాహకులు ఎక్కువ మాట్లాడేవాళ్లకి ఎదురుగా కాకుండా పక్కన కూర్చోవాలి. ఎదురుగా ఉంటే మీరు చూసిన ప్రతిసారీ "ఊఁ, చెప్పండి" అన్నట్టే ఉంటుంది. ఆ ఎదుటి కుర్చీ నోరు విప్పనివాళ్లకి ఇవ్వండి. కుర్చీలు గుండ్రంగా, 8 నుంచి 12 మంది, గంటన్నర. అంతకుమించి వస్తే రెండు జట్లు చెయ్యండి.

అసలు చిక్కు పుస్తకం ఎంపికలో ఉండి ఉండొచ్చు. రెండే ప్రతులున్న నవల, రెండు వారాల గడువుతో పది మంది చేతులు మారాలంటే పది వారాలు పడుతుంది. ఈలోగా సమావేశం వచ్చేస్తుంది, సగం మంది చదవకుండానే వస్తారు. అలా వచ్చినవాళ్లు మళ్లీ రారు. మొదటి మూడు నెలలు 15, 20 పేజీల కథలతో సరిపెట్టండి. కథంతా జిరాక్స్ తీసి పంచేముందు మాత్రం హక్కులు చూసుకోండి. కాపీరైట్‌పై దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం ప్రకారం రచయిత మరణించాక కనీసం 50 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. చాలా దేశాల్లో ఇంకా ఎక్కువే.

ప్రశ్న: టికెట్ లేదు కదా, కొన్న డిస్కు వేసి సినిమా చూపించొచ్చా?

జవాబు: డిస్కు కొన్నా, ఇంట్లో చందా కట్టినా వచ్చేది ఇంట్లో చూసుకునే హక్కే. డబ్బు తీసుకోనంత మాత్రాన బహిరంగ ప్రదర్శన హక్కు రాదు. హక్కుదారుల నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, లేదా కాపీరైట్ తీరిపోయిన సినిమా వెతకండి.

ప్రశ్న: కార్యక్రమాలకి వస్తారు, పుస్తకాలు మాత్రం తీసుకోరు.

జవాబు: ప్రసంగం ముగిసేసరికి మీ కౌంటర్ మూసేసి ఉంటుందేమో చూడండి. కుర్చీలకీ గుమ్మానికీ మధ్య ఒక బల్ల వేసి, ఆ విషయం మీద 15 పుస్తకాలు అట్టలు కనబడేలా పరచండి. అక్కడే ఇచ్చెయ్యాలి, కొత్త సభ్యత్వ ఫారాలూ అక్కడే ఉండాలి.

ప్రశ్న: బయోడేటా తయారీ నేర్పుతున్నాం. రెండు గంటలైనా సగం మందివి పూర్తికావు.

జవాబు: కాలమంతా పాస్‌వర్డ్‌లు మింగేస్తాయి. ఈమెయిల్ తెరవాలంటే ధ్రువీకరణ కోడ్ ఫోన్‌కి వస్తుంది, ఆ ఫోన్ ఇంట్లో ఉంటుంది. అందుకే ఫోన్, ఛార్జర్, చేసిన ఉద్యోగాల తేదీలు రాసిన కాగితం తెచ్చుకోమని ముందే చెప్పండి. నేర్పేవారు కాక ప్రతి ఐదుగురికీ ఒక సహాయకులు కావాలి. ఖాళీ పేజీతో మొదలుపెట్టించకండి, నింపుకోవడానికి నమూనా ఇవ్వండి. గది మూసేముందు అన్ని ఖాతాల నుంచీ బయటికి వచ్చారో లేదో చూసి, డౌన్‌లోడ్‌ల ఫోల్డర్ కూడా తెరవండి. ఎవరో ఒకరి బయోడేటా, ఫోన్ నంబరుతో సహా, అక్కడే ఉండిపోతుంది.